రూర్కెలా నుంచి వచ్చిన లైకా

పెళ్ళిపందిట్లో ఇప్పుడు పురోహితుడి కంటే ఫోను ఎత్తి పట్టుకున్నవాళ్ళే పీటలకు దగ్గరగా ఉంటున్నారు. తలంబ్రాలు పోసే నిమిషంలో నలభై ఫోటోలు తీస్తారు. ఏడాది తిరిగాక, "ఆ పెళ్ళిలో అమ్మమ్మ కూర్చున్న ఫోటో ఒకటి ఉండాలి, పంపమ్మా" అని అడిగితే, "అది పాత ఫోనులో ఉండిపోయింది పెదనాన్నా, ఆ ఫోను పాడైపోయింది" అని జవాబు వస్తుంది. అమ్మమ్మ కూడా ఈలోగా వెళ్ళిపోయి ఉంటుంది.

కొత్త యంత్రాలను ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. నా జేబులోనూ అదే ఫోను ఉంది. పిల్లల పుట్టినరోజులకు నేనూ దాంతోనే తీస్తాను. అయితే గత కొన్నేళ్ళుగా ఒక పాత జర్మన్ లెన్సుతో, ఫిల్ము మీద, నలుపు తెలుపు ఫోటోలు కూడా తీస్తున్నాను. చూసినవాళ్ళు "ఇంకా రీలు దొరుకుతోందా?", "ఎక్కడ కడిగిస్తారు?", "అమ్మితే ఎంతొస్తుంది?" అని మూడు ప్రశ్నలు వరసగా వేస్తారు. మొన్న సంక్రాంతికి మనవాళ్ళు కలిసినప్పుడు ఈ మూడింటికీ జవాబు చెప్పేసరికి నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. వివరంగా రాస్తే నలుగురికీ పనికొస్తుందని కొందరు అనడంతో ఈ వ్యాసం రాస్తున్నాను.

ఉబ్బసం మనిషి ఊహ

నా దగ్గరున్న కెమెరా పేరు లైకా. దాని లెన్సు పేరు ఎల్మార్. ఈ రెండింటి కథ జర్మనీలో వెట్స్లర్ అనే చిన్న ఊళ్ళో మొదలైంది. అక్కడ ఎర్నెస్ట్ లైట్స్ అనే కంపెనీ సూక్ష్మదర్శినులు తయారు చేసేది. 1911లో అక్కడ ఆస్కార్ బార్నాక్ అనే మెకానిక్కు ఉద్యోగంలో చేరాడు. ఆయనకు కొండలెక్కి ఫోటోలు తీయడం ఇష్టం, కాని ఉబ్బసం. ఆ రోజుల్లో కెమెరా అంటే పెట్టె, గాజు పలకలు, మూడు కాళ్ళ స్టాండు; ఒక మనిషి మోత. ఆ మోత మోయలేక ఆయన చిన్న కెమెరా కోసం ఆలోచించాడు.

సినిమాలకు వాడే 35 మిల్లీమీటర్ల ఫిల్ము అప్పటికే ఉంది. సినిమా బొమ్మ 18 మిల్లీమీటర్లు, 24 మిల్లీమీటర్లు. బార్నాక్ ఫిల్మును అడ్డంగా నడిపి, రెండు సినిమా బొమ్మల చోటు ఒకదానికిచ్చి, 24 బై 36 చేశాడు. 1914 నాటికి నమూనా తయారైంది. అంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చి పని ఆగిపోయింది. తర్వాత 1923లో జర్మనీలో ధరలు పిచ్చిగా పెరిగి, రొట్టె కొనడానికి నోట్ల కట్టలు మోసుకెళ్ళాల్సిన పరిస్థితి వచ్చింది. అలాంటి కాలం ముగిసీ ముగియకముందే, 1924లో, కంపెనీ యజమాని రెండవ ఎర్నెస్ట్ లైట్స్ ఈ కెమెరా తయారీకి ఒప్పుకున్నాడు. అంతకు ముందు అలాంటి సరుకే లేదు. కొంటారో కొనరో తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా అప్పు దరఖాస్తులు చూస్తున్న నాకు ఆ నిర్ణయం బరువు తెలుస్తుంది. మా బ్యాంకుకు అలాంటి ప్రతిపాదన వచ్చి ఉంటే, మార్కెట్టు వివరాలు జతచేయమని వెనక్కి పంపేవాళ్ళం.

1925 వసంతకాలంలో లైప్‌జిగ్ సంతలో లైకా బయటికొచ్చింది. 2025తో దానికి నూరేళ్ళు నిండాయి. లెన్సు లెక్కలు కట్టినవాడు మాక్స్ బెరెక్ అనే శాస్త్రవేత్త. ఆయన పేరు కలిపి దానికి ఎల్మాక్స్ అన్నారు; దాన్ని మరికాస్త సులువుగా తయారయ్యేలా మార్చి ఎల్మార్ అన్నారు. నాలుగే గాజు ముక్కలు. అందులో చివరి రెండూ అతికించి ఉంటాయి.

ఈ కుటుంబం గురించి ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేను. హిట్లర్ కాలంలో రెండవ ఎర్నెస్ట్ లైట్స్ తన దగ్గర పనిచేసే యూదులను, వాళ్ళ బంధువులను కంపెనీ పని పేరుతో అమెరికా మొదలైన దేశాలకు పంపించి ప్రాణాలు కాపాడాడు. ఆయన కూతురు ఎల్సీ, యూదు స్త్రీకి సరిహద్దు దాటడానికి సాయం చేసిందని 1943లో గెస్టపో పోలీసుల చేతిలో జైలుపాలైంది. ఈ సంగతులు ఆ కుటుంబం వాళ్ళు చాటుకోలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఇతరులు వెలికితీశారు.

మావయ్య చేతికి ఎలా వచ్చింది?

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. రాష్ట్రం మారినా మేం మారలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. మా మేనమామ ఈ ఊరివాడే. రూర్కెలాలో ఉక్కు కర్మాగారం కడుతున్నారని తెలిసి ఇరవై మూడేళ్ళ వయసులో రైలెక్కాడు. ఆ కర్మాగారం పశ్చిమ జర్మనీ సాయంతో కట్టినది. 1959 ఫిబ్రవరి 3న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. జర్మన్ ఇంజనీర్లు, ఫిట్టర్లు వందల సంఖ్యలో కుటుంబాలతో వచ్చి అక్కడ ఉండేవారు. మన శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపు నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళూ తక్కువేమీ కాదు.

మావయ్య పనిచేసే షాపులో ఒక జర్మన్ ఫోర్‌మన్ ఉండేవాడట. 1963లో ఆయన స్వదేశానికి తిరిగి వెళుతూ సామాను అమ్మేశాడు. ఫ్రిజ్ ఒకరు కొన్నారు, రేడియో ఒకరు కొన్నారు. మావయ్య రెండు నెలల జీతం పెట్టి కెమెరా కొన్నాడు. ఇంట్లో అత్తయ్య మూడు రోజులు మాట్లాడలేదు. ఆ కెమెరా 1950లో వచ్చిన లైకా మూడు-ఎఫ్ రకం. దాని లెన్సు మాత్రం అంతకంటే పాతది, యుద్ధానికి ముందుది. ఆ ఫోర్‌మన్ తండ్రి వాడినది. లెన్సు మరకు 39 మిల్లీమీటర్ల కొలత ఉంటుంది. ఈ కొలత 1930ల మొదట్లోనే స్థిరపడింది కాబట్టి తండ్రి లెన్సు కొడుకు కెమెరాకు సరిగ్గా ఎక్కింది. ఇప్పటి డిజిటల్ కెమెరాలకు కూడా చిన్న రింగు ఒకటి వేసి ఎక్కించవచ్చు. రెండేళ్ళ ఫోనుకు చార్జరు దొరకని రోజుల్లో ఇది తలచుకోదగ్గ విషయం.

రెండు బొమ్మలు కలవాలి

ఈ రకం కెమెరాను రేంజ్‌ఫైండర్ అంటారు. స్టూడియోవాళ్ళు తర్వాతి కాలంలో వాడిన కెమెరాల్లో లెన్సులోంచే చూస్తాం. ఇందులో అలా కాదు. కెమెరా పైభాగంలో ముందువైపు రెండు చిన్న గుండ్రటి కిటికీలు ఎడంగా ఉంటాయి. వెనక నుంచి ఒక కన్నుతో చూస్తే రెండు కిటికీల బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు తిప్పుతుంటే ఒక బొమ్మ జరుగుతుంది. ముక్కు ముక్కుతో, కళ్ళజోడు కళ్ళజోడుతో కలిసి ఒకే మనిషి అయినప్పుడు ఫోకస్ సరిపోయినట్టు.

ఇందులో మాయ లేదు. మన రెండు కళ్ళూ దూరాన్ని అంచనా కట్టే పద్ధతే ఇది. దగ్గరి వస్తువుకైతే రెండో కిటికీ చూపు ఎక్కువ వంగాలి, దూరానికైతే తక్కువ వంగాలి. లెన్సు వెనక అంచుకు ఆనుకుని ఒక చిన్న చక్రం ఉంటుంది. లెన్సు ముందుకు వెనక్కు జరిగితే ఆ చక్రం కదిలి లోపలి గాజును వంచుతుంది. 1932లో వచ్చిన రెండో రకం లైకాలో ఈ ఏర్పాటు మొదలైంది. అంతకు ముందు దూరం కొలుచుకోవడం వేరు, లెన్సు తిప్పుకోవడం వేరు. బ్యాంకులో చిట్టా నిల్వ, లెడ్జరు నిల్వ ఒకటైతేనే సాయంత్రం ఇంటికి వెళ్ళేది. ఇక్కడా అంతే, రెండూ ఒకటైతేనే మీట నొక్కేది.

దీనికి కొన్ని నియమాలున్నాయి. ఎల్మార్ లెన్సు గొట్టం లోపలికి ముడుచుకుంటుంది. ఫోటో తీసేముందు బయటికి లాగి, కుడివైపు తిప్పి బిగించాలి. లెన్సులోంచి చూడం కాబట్టి గొట్టం లోపలున్నా, మూత పెట్టి ఉన్నా కంటికి తెలియదు; రీలు కడిగాక తెలుస్తుంది. షట్టరు వేగం ఎప్పుడూ ఫిల్ము చుట్టిన తర్వాతే మార్చాలి. షట్టరు నల్లగుడ్డతో చేసినది. మూత తీసిన కెమెరాను ఎండకెదురుగా బల్ల మీద పెడితే, భూతద్దం కింద కాగితంలా ఆ గుడ్డకు చిల్లు పడుతుంది. ఫిల్ము ఎక్కించడం మరీ తతంగం. ఫిల్ము కొసను సుమారు పది సెంటీమీటర్ల మేర సన్నగా కత్తిరించి, కెమెరా అడుగు రేకు తీసి, కింది నుంచి దోపాలి. మావయ్య దీనికోసం ఒక గోళ్ళ కత్తెర కెమెరా సంచిలోనే ఉంచేవాడు. ఆ కత్తెర ఇప్పటికీ ఉంది.

ముప్ఫై ఆరే

ఈ కెమెరాలో వెలుతురు కొలిచే యంత్రం లేదు. బ్యాటరీయే లేదు. వెలుతురును కంటితోనే అంచనా వేయాలి. దీనికి పాత సూత్రం ఒకటుంది. మంచి ఎండలో 16 అంకె దగ్గర లెన్సు పెట్టి, ఫిల్ము వేగం ఎంతో షట్టరు వేగం అంత పెట్టాలి. 100 వేగం ఫిల్మయితే సెకండులో నూరోవంతు. నా లెన్సు మీద పాత జర్మన్ అంకెలు ఉన్నాయి: 3.5, 4.5, 6.3, 9, 12.5, 18. పదహారుకు బదులు పద్ధెనిమిది వాడుకుంటాను. ఆ కాస్త తేడాను ఫిల్ము ఓర్చుకుంటుంది. 4.5 నుంచి ఒక్కో అంకె పెరిగితే వెలుతురు సగమవుతుంది. షట్టరు వేగం సగానికి తగ్గిస్తే వెలుతురు రెట్టింపవుతుంది. ఒకవైపు ఖర్చు రాస్తే ఇంకోవైపు జమ రాయాలి. నేను చదివిన బి.కాం.లో ఇంతకంటే కష్టమైన లెక్కలే ఉన్నాయి.

400 వేగం ఫిల్ముతో మా ఇంటి వసారాలో పొద్దున్న తొమ్మిది గంటలకు 6.3, నూరోవంతు. కిటికీ పక్కన గదిలో అయితే లెన్సు పూర్తిగా తెరిచి 3.5, ముప్ఫయ్యోవంతు. అప్పుడు తీసేవాడు, తీయించుకునేవాడు ఇద్దరూ కదలకూడదు. రథయాత్ర లాంటి గుంపులో బొమ్మలు కలుపుకునే తీరిక ఉండదు. అప్పుడు 12.5 పెట్టి, దూరం ఐదు మీటర్లకు కట్టి వదిలేస్తే, ఇంచుమించు మూడు మీటర్ల నుంచి ఇరవై మీటర్ల దాకా అంతా స్పష్టంగా పడుతుంది.

రీలుకు ముప్ఫై ఆరు బొమ్మలు. ఫిల్ము ఇప్పటికీ తయారవుతోంది. ఇంగ్లండులో ఇల్ఫోర్డ్, అమెరికాలో కొడాక్, చెక్ దేశంలో ఫోమా కంపెనీలవి పెద్ద ఊళ్ళ కెమెరా దుకాణాల్లో దొరుకుతాయి. పోస్టులోనూ తెప్పించుకోవచ్చు. అన్నీ దిగుమతులే కాబట్టి ధర ఎక్కువ. మనదేశంలోనే ఫిల్ము తయారైన రోజులున్నాయి. 1960లో ఊటీలో ప్రభుత్వం హిందూస్తాన్ ఫోటో ఫిల్మ్స్ స్థాపించింది; 1967లో తయారీ మొదలైంది. "ఇందు" పేరుతో వచ్చిన ఆ ఫిల్ము, తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఆర్వో ఫిల్ము మావయ్య పెట్టెలో చాలా ఉన్నాయి. ఊటీ కర్మాగారం నష్టాల్లో మునిగి మూతపడింది.

కడగడం నేను ఇంట్లోనే చేసుకుంటున్నాను. 1927లో కొడాక్ కనిపెట్టిన డి-76 అనే మందు నేటికీ వాడుకలో ఉంది. దానికి 20 డిగ్రీల చల్లదనం కావాలి. మే నెలలో మా బరంపురంలో కుళాయి నీళ్ళే వేడిగా వస్తాయి. అందుకని బకెట్లో ఐసు గడ్డలు వేసి, అందులో మందు సీసాలు నిలబెట్టి, థర్మామీటరు పట్టుకుని కూర్చుంటాను. ఏడెనిమిది నిమిషాలు మందులో, తర్వాత హైపోలో, తర్వాత ధారగా నీళ్ళలో. మా ఆవిడ ఐసు ట్రేల విషయంలో నాతో ఒక ఒప్పందానికి వచ్చింది: వేసవి సెలవుల్లో చుట్టాలు వచ్చినన్నాళ్ళు రీళ్ళు కడగరాదు.

పాత గాజు స్వభావం

యుద్ధం తర్వాత వచ్చిన లెన్సులకు నీలిరంగు పూత ఉంటుంది. వెలుతురు గాజు మీద పడి వెనక్కి చెదరకుండా ఆ పూత ఆపుతుంది. నా లెన్సుకు ఆ పూత లేదు. దీపానికి ఎదురుగా తీస్తే బొమ్మ పాలిపోతుంది. కిటికీ వెనకగా ఉంటే మసక కమ్ముతుంది. కొత్త లెన్సుతో పోలిస్తే ఇది లోపమే.

కాని అదే లోపం ఒక్కచోట పనికొస్తుంది. మన ఎండలో తీసిన ఫోటోల్లో కళ్ళకింద, గడ్డంకింద నీడలు నల్లగా గడ్డకడతాయి. పూతలేని లెన్సులో చెదిరిన ఆ కాస్త వెలుతురు నీడల్లోకి పాకి వాటిని తేలిక చేస్తుంది. ఎనభై ఏళ్ళ ముఖంలో ముడతలన్నీ ఉంటాయి, కాని కత్తితో గీసినట్టు ఉండవు. అందుకే దీన్ని నేను ఎక్కువగా పెద్దవాళ్ళ కోసం వాడుతున్నాను. లెన్సు చిన్నది, పైకి కనపడదు. షట్టరు చప్పుడు నెమ్మది. కెమెరా చూసి బిగుసుకుపోయేవాళ్ళు కూడా రెండో బొమ్మకల్లా మామూలుగా మాట్లాడుకుంటారు.

ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు ఆంరీ కార్తియే-బ్రెసోఁ జీవితమంతా ఎక్కువగా లైకాతో, ఇంచుమించు ఇదే 50 మిల్లీమీటర్ల చూపుతో పనిచేశాడు. 1948 జనవరి 30న గాంధీగారిని కలిసి వెళ్ళిన కాసేపటికే ఆయన హత్య జరిగింది. ఆ రాత్రి, మర్నాటి అంత్యక్రియల ఫోటోలు ప్రపంచమంతా చూసింది. 1950 ఏప్రిల్‌లో తిరువణ్ణామలైలో రమణ మహర్షి చివరి రోజుల్లోనూ ఆయన అక్కడే ఉండి ఫోటోలు తీశాడు. మరణశయ్య దగ్గర పెద్ద పెట్టె, పెద్ద దీపాలు పెట్టి ఎవరు మాత్రం తీయగలరు? చిన్న కెమెరా వల్లనే అది సాధ్యమైంది.

నోటు పుస్తకం

మావయ్య ఉద్యోగ విరమణ తర్వాత బరంపురం వచ్చేసి, 2017లో కాలం చేశాడు. దినకార్యాలు అయ్యాక గది సర్దుతుంటే కెమెరాతో పాటు నాలుగు బిస్కట్టు డబ్బాల నిండా నెగటివ్‌లు బయటపడ్డాయి. పుణెలో ఉండే బావ అన్నాడు, "కెమెరా కావాలంటే నువ్వుంచుకోరా. లేకపోతే అమ్మేద్దాం. ఈ నల్లరీళ్ళు మాత్రం ఎవరికి? మునిసిపాలిటీ బండిలో వేసేద్దాం." బావ మాటలో తప్పులేదు. ఎవరివో, ఎక్కడివో తెలియని నెగటివ్‌లు ఇంట్లో ఎవరు దాచుకుంటారు? బ్యాంకులో పదేళ్ళు ఎవరూ ముట్టని డిపాజిట్టును రిజర్వు బ్యాంకు నిధికి పంపేస్తాం. డబ్బు ఉంటుంది, వచ్చి అడిగేవాళ్ళు ఉండరు. పేరులేని ఫోటో కూడా అలాంటిదే.

అయితే మూడో డబ్బా అడుగున ఒక నోటు పుస్తకం దొరికింది. అట్ట మీద ఏమీ లేదు. లోపల రీలు అంకె, నెల, ఊరు, బొమ్మ అంకె, మనిషి పేరు, లెన్సు అంకె, షట్టరు వేగం, అన్నీ గళ్ళు గీసి రాసి ఉన్నాయి. నూట పన్నెండు రీళ్ళకు నూట పన్నెండు పద్దులు. నేను చూసిన ఏ శాఖలోనూ లెడ్జరు అంత శుభ్రంగా లేదు. బావ ఆ పుస్తకం తిరగేసి, "నాన్న ఇవన్నీ ఎప్పుడు రాశాడు?" అని, తర్వాత మునిసిపాలిటీ బండి ఊసెత్తలేదు.

పుస్తకం చేతిలో ఉన్నాక పని సులువైంది. వారానికో రీలు తీసి, వెలుతురు పలక మీద పెట్టి, ఫోటో తీసి, కంప్యూటరులోకి ఎక్కించాను. రెండేళ్ళు పట్టింది. అందులో రూర్కెలా తెలుగు కుటుంబాల తొలినాళ్ళు ఉన్నాయి. క్వార్టర్ల ముందు వేసిన మొదటి సంక్రాంతి ముగ్గు, ఉగాదికి చాపల మీద వరసగా కూర్చున్న పిల్లలు, షిఫ్టు దిగి సైకిలు మీద వస్తున్న పొడుగాటి మనిషి, రైలు దిగి పెట్టె పట్టుకుని నిలబడ్డ కొత్త పెళ్ళికూతురు.

ముప్ఫై ఒకటో రీలు 1966 కార్తీకమాసం. కోయల్, శంఖ్ నదులు కలిసి బ్రాహ్మణి అయ్యేచోట వేదవ్యాస్ అనే క్షేత్రం ఉంది. అక్కడ వనభోజనాలు. పద్నాలుగో బొమ్మలో ఒకావిడ పెద్ద పళ్ళెంలో పులిహోర కలుపుతోంది. పుస్తకంలో ఆవిడ భర్త పేరు రాసి, "భార్య" అని ఉంది. ఆ మాట మా అమ్మతో అంటే, "అయ్యో, ఆవిడ మరుసటేడే పురిట్లో పోయింది. మూడేళ్ళ కూతురుండేది" అంది. ఆ కూతుర్ని వెతకడానికి నాలుగు నెలలు, పద్నాలుగు ఫోన్లు పట్టాయి. విజయనగరంలో దొరికారు. అరవై దాటిన మనిషి. నేను విషయం చెప్పాక అవతల కాసేపు మాట లేదు. తర్వాత అడిగారు: "మా అమ్మ పొడుగా, పొట్టా బాబూ?"

వాళ్ళింట్లో తల్లి ఫోటో ఒక్కటీ మిగల్లేదట. పెళ్ళిఫోటో ఇల్లు మారడంలో పోయింది. నాన్నగారు రెండో పెళ్ళి చేసుకున్నాక తల్లి ఊసు తగ్గిపోయింది. అడగడానికి ఇప్పుడు ఆయనా లేరు. నేను పదిహేనో బొమ్మ తీసి చూశాను. అందులో ఆవిడ మిగతా ఆడవాళ్ళతో నిలబడి ఉంది. "పక్కనున్న మా అత్తయ్య కంటే నాలుగంగుళాలు పొడుగమ్మా" అని చెప్పాను.

రెండు నెగటివ్‌లనూ పెద్ద సైజులో కాగితం మీద వేయించి, నేనే పట్టుకెళ్ళాను. ఆవిడ ముందు ముఖం చూడలేదు. పులిహోర కలుపుతున్న చెయ్యి మీద వేలు పెట్టి, తన చెయ్యి పక్కన పెట్టి చూసుకున్నారు. ఆ తర్వాత మనవడిని పిలిచి, "మీ ముత్తవ్వరా" అన్నారు. నేను భోజనం చేసి సాయంత్రం రైలుకు వచ్చేశాను.

మావయ్య ఆ రోజు 9 అంకె, అరవయ్యోవంతు అని రాసుకున్నాడు. నీడపట్టున తీసినట్టుంది. యాభై ఏళ్ళ పైచిలుకు ఆ వెండిరేణువులు డబ్బాలో ఉండి, అడిగిన రోజున మాట తప్పకుండా బయటికొచ్చాయి. అందుకే నేను మనవాళ్ళలో ఎనభై దాటినవారిని ఆ లెన్సుతోనే, ఫిల్ము మీదనే తీస్తున్నాను. ఇంతవరకు నలభై ఏడుగురిని తీశాను. అందులో పదకొండుగురు ఇప్పుడు లేరు.

మీ ఇంట్లో ఉంటే

మన కుటుంబాల్లో చాలావాటికి ఇలాంటి పెట్టెలు ఉంటాయి. భిలాయిలో పనిచేసినవారి ఇళ్ళలో సోవియట్ కెమెరాలు ఉండవచ్చు. ఫెడ్, జోర్కీ అనే పేర్లు చూడండి. లైకా నమూనాలోనే తయారైన మంచి కెమెరాలవి. వాటి మీదే లైకా అని చెక్కి, బంగారు పూత పూసి అమ్మే మోసాలు కూడా ఉన్నాయి. లెన్సు విప్పి లోపల చూడండి. లైకాలో గుండ్రటి చిన్న చక్రం ఉంటుంది, తొలినాటి ఫెడ్, జోర్కీల్లో నాలుకలాంటి మొన ఉంటుంది.

ధర సంగతి. 2022లో వెట్స్లర్‌లో బార్నాక్ సొంతంగా వాడిన లైకా ఒకటి ఒక కోటి నలభై నాలుగు లక్షల యూరోలకు వేలంలో పోయింది. ఆ వార్త చదివి నిద్ర పాడుచేసుకోకండి. ఎల్మార్ లెన్సులు లక్షల సంఖ్యలో తయారయ్యాయి. మామూలుగా వాడిన దానికి ఒక మంచి ఫోను ధర కూడా రాకపోవచ్చు.

సముద్రతీరం ఊళ్ళలో లెన్సుకు పెద్ద శత్రువు బూజు. తోలు సంచి తేమను పట్టి ఉంచుతుంది. అందులో ఏళ్ళతరబడి ఉంచవద్దు. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో ఉంచండి. గింజల రంగు మారితే వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. గాజును పంచె కొంగుతో తుడవకండి. మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. మా లెన్సులో పాత గ్రీజు ఆవిరై మసక పట్టింది. కలకత్తాలో చౌరంఘీ దగ్గర మెట్రో సందులో కెమెరా పనివాళ్ళు ఉంటారు. అక్కడ ఒక వృద్ధుడు విప్పి శుభ్రం చేశాడు. బూజు తిన్నచోట చిన్న మచ్చ మిగిలింది. "ఇది పోదు. కాని ఫోటోలో కనబడదు, వాడుకో" అన్నాడు. ఆయన మాట నిజమే, ఇంతవరకు కనబడలేదు.

నెగటివ్‌ల డబ్బా తెరవగానే పుల్లని వెనిగర్ వాసన వస్తే, ఆ ఫిల్ము చెడిపోవడం మొదలైందన్నమాట. వాటిని వెంటనే మిగతావాటి నుంచి వేరుచేసి, ముందు వాటినే కాపీ చేయించండి. మిగిలినవాటిని కాగితపు కవర్లలో పెట్టి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా, పొడిగా ఉండే గదిలో ఉంచండి. అటకమీద, స్నానాల గది గోడకు ఆనించి పెట్టకండి. కాపీకి పెద్ద యంత్రం అక్కరలేదు. ఒక ట్యాబు తెర తెల్లగా వెలిగించి, దానికి రెండంగుళాల పైన పాలరంగు ప్లాస్టిక్ రేకు పెట్టి, దాని మీద నెగటివ్ ఉంచి ఫోనుతో ఫోటో తీయండి. నలుపును తెలుపుగా మార్చే సదుపాయం ఫోనులోనే దొరుకుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది పేర్లు. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే వాళ్ళ పక్కన కూర్చుని, ఫోటో వెనక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం రాయించండి. బాల్‌పెన్ను వద్దు, ఒత్తు ముందువైపుకు తేలుతుంది. "భార్య", "అమ్మాయి" అని వదిలేయకుండా ఆడవాళ్ళ పేర్లు కూడా రాయించండి. పులిహోర కలిపిన ఆవిడ పేరు విజయనగరం వెళ్ళాకనే నాకు తెలిసింది. మావయ్య పుస్తకంలో ఆ గడిలో ఇప్పుడు నేను దాన్ని రాశాను.

వచ్చే ఉగాది సమావేశానికి నా వెలుతురు పలక తెస్తాను. మీ ఇంట్లో నెగటివ్‌లు ఉంటే పట్టుకురండి. ఒక్క రీలయినా సరే. ఇంట్లో నడవగలిగిన పెద్దవాళ్ళుంటే వాళ్ళనీ తీసుకురండి. కిటికీ పక్కన ఒక కుర్చీ వేసి ఉంచుతాను.